రివాల్వర్ తూటా, రైఫిల్ గొట్టం: నాలుగు లోడ్ల కేసు

ఈ కేసులో తుపాకీ టెక్సాస్‌లో ఉంది, నేను నెల్లూరులో ఉన్నాను. మధ్యలో వాట్సాప్. పోలీసు ఆర్మరర్‌గా, అంటే తుపాకులు చూసి బాగుచేసేవాడిగా, ముప్పై ఏళ్ళు చేసి రిటైరైనవాణ్ణి. తుపాకీని చేత్తో పట్టుకుని చూడందే మాట చెప్పే అలవాటు నాకు లేదు. కానీ తన కొత్త రైఫిల్లో అడవిపంది వేటకి నాలుగు రకాల తూటాల్లో ఏది పెట్టాలని అడిగింది మా చెల్లెలి కొడుకు. అక్కడ శనివారం సాయంత్రం ఏడున్నరకు ఫోన్ చేస్తే ఇక్కడ ఆదివారం పొద్దున ఆరు. వరండాలో కాఫీ గ్లాసుతో కూర్చుని, నాలుగు ఆదివారాలు నడిపాను.

"మామా, రైఫిల్ కొన్నా. లీవర్‌ది. దీంట్లో రివాల్వర్ తూటానే పడతాది" అన్నాడు మొదటి రోజు. లీవర్ అంటే ట్రిగ్గర్ దగ్గరి పిడి, దాన్ని కిందికీ పైకీ ఆడిస్తే ఖాళీ డొప్ప, అంటే కేసు, బయటికొచ్చి కొత్త తూటా లోపలికి పోతుంది.

"వేట లైసెన్సు తీసుకున్నావా?" అన్నాను ముందు. వాడు హెచ్-వన్-బీ మీద ఉన్నాడు. అలాంటి వీసా వాళ్ళు తుపాకీ దగ్గర పెట్టుకోవడాన్ని అక్కడి ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. దానికున్న కొద్ది మినహాయింపుల్లో చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఒకటి. తమాషా ఏమిటంటే, టెక్సాస్‌లో సొంతదారు ఒప్పుకున్న పొలంలో అడవిపందిని కొట్టడానికి 2019 నుంచి వేట లైసెన్సే అక్కర్లేదు. "పందికి అక్కర్లేదు, నీ వీసాకి కావాలి" అన్నాను. వాడు అప్పటికే తీసుకుని ఉన్నాడు, బుద్ధిమంతుడు. మన ఉదయగిరి వైపు వేరుశనగ చేలల్లో కూడా పందులు రాత్రికి రాత్రి దున్నేసి పోతాయి. అయితే ఇక్కడ 1972 వన్యప్రాణి చట్టం ఉంది, అనుమతి లేకుండా కొడితే కేసే. కాబట్టి ఇది చదివి మన ఊరి చేలో ప్రయోగాలకు దిగొద్దు.

రైఫిల్ సంగతికొస్తే, జాన్ బ్రౌనింగ్ వించెస్టర్ కంపెనీకి గీసిచ్చిన 1892 మోడల్‌కి ఇప్పటి నకలు. క్యాలిబర్ .357 మాగ్నమ్, గొట్టం 20 అంగుళాలు. దాని కిందనే తూటాలు ఒకదాని వెనక ఒకటి నింపే గొట్టం మ్యాగజీన్, పది రౌండ్లు పడతాయి. .357 గదిలో, అంటే తూటా కూర్చునే చాంబర్‌లో, .38 స్పెషల్ కూడా పేలుతుంది, రెండింటి లావూ ఒకటే, పొడవే తేడా. మన దగ్గర లైసెన్సుదారుడి .32 రివాల్వర్‌కీ .315 రైఫిల్‌కీ తూటా కలవదు. రివాల్వరూ రైఫిలూ ఒకే డబ్బాలోంచి తినడం మనకు కొత్త. అక్కడ పాత అలవాటు: 1873 నాటి వించెస్టర్‌కి వచ్చిన .44-40 తూటాకి నాలుగైదేళ్ళలోనే కోల్ట్ వాళ్ళు రివాల్వర్ కూడా చేశారు.

వాడు అప్పటికే నాలుగు రకాల డబ్బాలు తెచ్చిపెట్టుకున్నాడు. ఒకటి .38 స్పెషల్, 158 గ్రెయిన్ల సీసపు గుండు, ముక్కు కోసేసినట్టుండి పక్కన పదునైన భుజం ఉన్న రకం. రెండోది .357లో 125 గ్రెయిన్ల బోలు ముక్కుది, అంటే హాలో పాయింట్. మూడోది .357లోనే 158 గ్రెయిన్ల సాఫ్ట్ పాయింట్, కొసన కొంచెం సీసం బయటికి కనపడుతూ చదునుగా ఉంటుంది. నాలుగోది 180 గ్రెయిన్ల గట్టి సీసం, అదీ చదును ముక్కే. గ్రెయిన్ అంటే తెలియని వాళ్ళకి: పదిహేనున్నర గ్రెయిన్లు ఒక గ్రాము. 158 అంటే పది గ్రాముల పైచిలుకు.

"ఏది మంచిది మామా?" అని అడిగాడు గానీ, జవాబు వాడి దగ్గరే ఉంది. 125 గ్రెయిన్ల డబ్బా మీద సెకనుకు 1,450 అడుగులు అని రాసుంది, అన్నిట్లోకీ అదే ఎక్కువ. ఎక్కువ వేగం ఉన్నది మంచిదని వాడి లెక్క.

ఆ డబ్బా మాట వినగానే నాకు పాత సంగతొకటి గుర్తొచ్చింది. ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లో డిపాజిట్ చేయిస్తారు కదా, అట్లా ఒకసారి ఒక పెద్ద కుటుంబం తాతల నాటి వించెస్టర్ 92, అదే 1892 మోడల్, ఒకటి వచ్చింది. గొట్టం మీద "32 డబ్ల్యూ.సి.ఎఫ్." అని తూటా పేరు ముద్ర. దాంతో పాటు తడిసి ఆరిన అట్టపెట్టె, అందులో ఏడో ఎనిమిదో తూటాలు. పెట్టె మీద ఉన్నది తాపీగా చదివితే, ఇది హై వెలాసిటీ లోడు, 92 రైఫిల్‌కి మాత్రమే, 1873 రైఫిల్‌లోనూ రివాల్వర్లలోనూ వాడకూడదని. తూటా పేరు అదే, కేసు అదే, చూడ్డానికి కవలపిల్లలు. లోపల మందు వేరు. తూటా పేరు చూసి తుపాకీలో పెట్టకూడదు, లోడు చూసి పెట్టాలని నాకు మొట్టమొదట చెప్పింది ఆ అట్టపెట్టె. ఇప్పటి .357 కథ వేరు, రివాల్వర్‌కైనా రైఫిల్‌కైనా ఒత్తిడి హద్దు ఒకటే, చదరపు అంగుళానికి 35,000 పౌండ్లు. తుపాకీ పగలదు. కానీ డబ్బా మీద రాసిన వేగం రివాల్వర్ గొట్టంలో కొలిచింది. వాడి చేతిలో ఉన్నది రివాల్వర్ కాదు.

మొదటి ఆదివారం వేగం ఊసెత్తనివ్వలేదు. ముందు లోపలికి పోవాలి, తర్వాత తగలాలి, ఆ తర్వాతే ఎంత గట్టిగా తగిలిందనేది. ఒక్కో రకం పది రౌండ్లు ఎక్కించి, గొట్టం గుళ్ళు ఆగే మట్టిగట్టు వైపే పెట్టి, పేల్చకుండా లీవర్ మాత్రం ఆడించమన్నాను. ఫోను పక్కన స్టాండు మీద.

మూడు .357 రకాలూ నున్నగా పోయాయి. 180 గ్రెయిన్ల మీద నాకు కాస్త అనుమానం ఉండింది, ఎందుకంటే బరువు గుండు పొడుగ్గా ఉంటుంది. .357కి మొత్తం పొడవు హద్దు 1.59 అంగుళాలు. అది దాటితే 92లో తూటాని పైకెత్తే నాలుక మీద ఇమడదు. వెర్నియర్ కొలబద్ద తన దగ్గర లేదన్నాడు, స్కేలు పెట్టించాను, హద్దులోనే ఉంది.

తంటా అంతా .38తోనే. పదిలో మూడు ఆగిపోయాయి. వీడియో నెమ్మదిగా తిప్పి చూస్తే కనపడింది: తూటా పొట్టిది కదా, నాలుక మీద కుదురుగా పడుకోకుండా ముక్కు కొంచెం పైకి లేస్తోంది. అట్లా లేచిన గుండు భుజం చాంబర్ అంచుకి కొట్టుకుంటోంది. గుండ్రటి ముక్కు అయితే జారి లోపలికి పోతుంది. దీనిది కోసిన అంచు, గడపకి తగిలిన ట్రంకుపెట్టెలా అక్కడే నిలబడిపోతోంది.

వాడి చెయ్యి కూడా ఒక కారణం. మెల్లగా, భయం భయంగా తిప్పుతున్నాడు. "రేయ్, అమ్మమ్మ వాళ్ళ ఇంటి దగ్గర బోరింగు పంపు గుర్తుందా? సగం కొడితే నీళ్ళొచ్చేవా? కింద దాకా కొట్టు, పైదాకా ఎత్తు" అన్నాను. అట్లా కొడితే పదిలో ఒకటే ఆగింది. ఒకటి ఆగినా పందుల ముందు కొంప మునగడానికి అది చాలు. .38 సాధనకే ఉంచు, వచ్చేసారి గుండ్రటి ముక్కుది కొను అన్నాను. గుండ్రం అంటే సూదిగా ఉన్నది కాదు. గొట్టం మ్యాగజీన్లో ఒక తూటా ముక్కు ముందున్న దాని ప్రైమర్ మీద, అంటే దెబ్బ తగిలితే మందు అంటించే అడుగు బిళ్ళ మీద, ఆనుకుని ఉంటుంది. సూది ముక్కు గట్టి బుల్లెట్టు పెడితే, ఒక దెబ్బ అదురుకి లోపలే పేలే ప్రమాదం ఉంది. లీవర్ రైఫిళ్ళకి చదును ముక్కు వచ్చింది ఇందుకే.

రెండో ఆదివారం నేను తప్పు చేశాను. అది దాచిపెడితే ఈ కేసు రాసి ప్రయోజనం లేదు.

వేగం కొలిచే యంత్రం స్నేహితుడి దగ్గర అరువు తెచ్చాడు. ఉత్సాహంలో ముందు చవకవి, అంటే .38లు ఎనభై దాకా కాల్చేశాడు. తర్వాత 158 గ్రెయిన్ల .357 పెట్టాడు. మూడో రౌండుకి లీవర్ బిగుసుకుంది. అరచేత్తో కొట్టి తెరిచాడు. నాలుగోది ఇంకా గట్టి. ఫోన్లో ఆ చప్పుడు వినగానే నేను "ఒత్తిడి ఎక్కువైంది, ఆ డబ్బాలో ఏదో తేడా, పక్కన పెట్టెయ్" అన్నాను. మామూలుగా ఖాళీ కేసు చాంబర్‌కి కరుచుకుంటే మొదట వచ్చే అనుమానం అదే.

వాడు 125ది ఎక్కించాడు. అదీ బిగుసుకుంది.

అప్పుడు కాఫీ గ్లాసు కింద పెట్టాను. రెండు వేరు వేరు కంపెనీల తూటాలు ఒకే రోజు ఒకే జబ్బు చేస్తే, జబ్బు తూటాలది కాదు. ఇంక ఒక్కటి కూడా కాల్చొద్దని చెప్పి, ఖాళీ కేసుల అడుగు ఫోటో తీసి పంపమన్నాను. ఒత్తిడి మితిమీరితే ప్రైమర్ అంచులు చదునుగా పరుచుకుపోతాయి. ఇవి చక్కగా గుండ్రంగా ఉన్నాయి. కేసు మూతి దగ్గర మాత్రం చుట్టూ సన్నటి గీత, గాజు తొడుక్కుని తీస్తే చేతి మీద పడే గీతలా.

సంగతి అర్థమైపోయింది. .38 కేసు .357 కంటే అంగుళంలో ఎనిమిదో వంతు పొట్టి, మూడున్నర మిల్లీమీటర్ల లోపు. ఎనభై .38లు కాలిస్తే ఆ మిగిలిన జాగాలో మసీ, చెక్కుకుపోయిన సీసమూ కలిసి ఉంగరంలా పేరుకుంటాయి. తర్వాత పొడుగు .357 వచ్చి ఆ ఉంగరంలోకి దూరి, పేలినప్పుడు ఉబ్బి, దాన్ని కరుచుకుంటుంది. ఇది చిరాకుతో పోయే విషయం కూడా కాదు. మూతి బిగుసుకుని గుండు వదలకపోతే అప్పుడు ఒత్తిడి నిజంగానే పెరుగుతుంది.

చాంబర్ బ్రష్షూ, సాల్వెంటూ, మా పోలీసు భాషలో చిందీ, అంటే గుడ్డపీలికా. ఇరవై నిమిషాలు రుద్దించాను. గుడ్డ మీద బూడిదరంగు పొలుసులు వచ్చాయి. తర్వాత అదే 158 డబ్బా, నేను తిట్టిపోసిందే, పది రౌండ్లు కాల్చాడు. లీవర్ ఒంటి వేలికి తెరుచుకుంది. అప్పటి నుంచి వరస మార్చాం: ముందు .357, చివర్న .38, ఇంటికెళ్ళే ముందు చాంబర్ శుభ్రం.

ఇక వేగాలు. .38 డబ్బా మీద 755 అని ఉంటే రైఫిల్లో 900 దగ్గర తిరిగింది. 125 గ్రెయిన్లది 1,450 నుంచి 2,000 దాటేసింది. 158ది 1,235 నుంచి 1,750 అయ్యింది. 180ది 1,500 పైన. .38 అన్నిట్లోకీ తక్కువ పెరిగిందేమని వాడి ప్రశ్న. మా తీరంలో సరుగుడు తోటలెక్కువ, అదే ఉపమానం చెప్పాను. సరుగుడాకు పొయ్యిలో వేస్తే భగ్గుమని మండి బూడిదవుతుంది, సరుగుడు కట్టె వేస్తే నిదానంగా చాలాసేపు మండుతుంది. .38లో ఉండేది కాసింత ఆకు మంట. పొడుగు గొట్టం మొదటి సగంలోనే దాని పని అయిపోతుంది, మిగతా సగం గుండు ఈడ్చుకుంటూ పోవడమే. .357 డబ్బాల్లో సాధారణంగా ఉండేది కట్టె మంట, గొట్టం పొడుగునా తోస్తూనే ఉంటుంది. పైగా రివాల్వర్‌కి తూటాలు పెట్టే తిరుగుడు సిలిండరూ గొట్టమూ మధ్య సందు ఉంటుంది, గ్యాసు కొంత అక్కడే పోతుంది. రైఫిల్‌కి ఆ సందు లేదు.

1,235 నుంచి 1,750 అంటే వేగం పెరిగింది నలభై శాతమే. కానీ శక్తి వేగానికి వర్గంలా పెరుగుతుంది. ఆ శక్తిని కొలిచే ఫుట్-పౌండ్లలో 535 కాస్తా 1,075 అయ్యింది, రెట్టింపు. ఇది వినగానే వాడు మళ్ళీ 125 వైపు తిరిగాడు. దానికి లెక్క కడితే 1,200 దాకా వస్తోంది. "చూశావా మామా" అన్నాడు.

చూద్దాం, నీళ్ళ క్యాన్లు తెచ్చుకో అన్నాను.

మూడో ఆదివారం వేటకి ఒప్పుకున్న రైతు పొలంలో, వెనకాల మట్టికట్ట ఉన్నచోట, గ్యాలను పాల క్యాన్లలో నీళ్ళు నింపి ఒక్కో వరసకి ఆరు చొప్పున పెట్టాడు. దూరం 50 గజాలు. నీళ్ళు పంది ఒళ్ళు కాదు, ఆ మాట ముందే చెప్పాను. ఒక గుండుకీ ఇంకో గుండుకీ తేడా చూపించడానికి మాత్రం పనికొస్తాయి.

125ది కొట్టింది. మొదటి క్యాను పేలిపోయి మూత ఎక్కడికో ఎగిరింది. చూడ్డానికి బ్రహ్మాండం, వాడు కేక పెట్టాడు. రెండోది చీలింది. మూడో క్యాను అడుగున రాగి తొడుగు ముక్కలు రెండు, సీసపు తునక ఒకటి దొరికాయి. అంతే, నాలుగోది చెక్కుచెదరలేదు. కోడలి దగ్గర బంగారం తూచే బుల్లి త్రాసు ఉందట, దాని మీద పెట్టి ఫోటో పంపాడు. ఎనిమిది గ్రాములతో బయల్దేరిన గుండు, దొరికిన ముక్కలన్నీ కలిపినా నాలుగు గ్రాములు లేదు.

158 సాఫ్ట్ పాయింట్ అంత హడావుడి చేయలేదు. మొదటి రెండు క్యాన్లు చీలాయి, ఐదోదాంట్లో గుండు దొరికింది. పుట్టగొడుగులా విచ్చుకుని, ఒక్క ముక్కగా ఉంది. తొమ్మిదిన్నర గ్రాములు.

180 గట్టి సీసం ఆరు క్యాన్లకీ బెజ్జాలు పెట్టి మట్టికట్టలోకి పోయింది. తవ్వినా దొరకలేదు. విచ్చుకున్న జాడ ఏ క్యాను మీదా లేదు.

125 చేసిన కంపెనీది ఇందులో తప్పేమీ లేదు. ఆ బోలు ముక్కు రివాల్వర్ గొట్టం ఇచ్చే 1,400 దగ్గర విచ్చుకునేలా చేసింది. దానికి 2,000 వేగం ఇచ్చింది మనం. మగ పంది భుజం మీద చర్మం కింద గట్టి డాలులాంటి పొర ఉంటుంది. ఆ గుండు దాన్ని దాటి లోపలి అవయవాల దాకా పోకుండా పైనే చితికిపోతే, జంతువు గాయంతో పరిగెత్తి ఏ పొదలోనో రెండ్రోజులు బాధపడి చస్తుంది. వేట ఒప్పుకున్న దేశంలోనైనా అది పాపమే. "ఫుట్-పౌండ్లు ఎన్ని అని కాదురా, ఏ లోతులో ఖర్చుపెట్టిందో చూడు" అన్నాను. ఆ తర్వాత వాడు 125 ఊసెత్తలేదు.

గురి సంగతి క్లుప్తంగా చెప్తాను, పెద్ద విశేషం లేదు. 50 గజాల దగ్గర ఐదేసి రౌండ్లు బల్ల మీద ఆనించి కాలిస్తే 158, 180 రెండూ రెండంగుళాల్లో పడ్డాయి, నిమ్మకాయంత చోటు. 125ది మూడంగుళాలు. .38 గ్రూపింగ్ బాగానే ఉంది గానీ మిగతా వాటికంటే నాలుగంగుళాలు కింద పడింది. సైటు .357కి పెట్టాక ఆ సంగతి గుర్తుంచుకోవాలి. 158కి 100 గజాల దగ్గర జీరో చేయించాను, అంటే ఆ దూరంలో గురిపెట్టిన చోటే తగిలేలా సైటు సరిచేయించాను. అప్పుడు 50 దగ్గర అంగుళంన్నర పైన, 150 దగ్గర ఆరేడు అంగుళాలు కింద. అందుకే 100 దాటితే ట్రిగ్గర్ మీద వేలు పెట్టొద్దన్నాను. రైఫిల్ ఆకారం చూసి అది .30-06 లాంటి పెద్ద రైఫిల్ తూటాది అనుకుంటే ఎట్లా, తాగింది రివాల్వర్ పాలే కదా.

నాలుగో ఆదివారం నిర్ణయం. పందికి 158 సాఫ్ట్ పాయింట్. సాధనకి గుండ్రటి ముక్కు .38. 180ని వద్దనలేదు. ఎదురుగా నిలబడ్డ పెద్ద మగపందికి నేనైతే దాన్నే పెట్టేవాణ్ణి. కానీ పందులు మందగా తిరుగుతాయి. ఒకదాన్ని దాటి వెనకాల దానికి తగిలితే ఆ గాయం ఎవరి ఖాతాలో పడుతుంది? కొత్త వేటగాడి చేతికి ఆరు క్యాన్లు దాటిపోయే గుండు ఇవ్వబుద్ధి కాలేదు. దీని మీద నాతో పనిచేసిన ఇంకో ఆర్మరర్ ఇప్పటికీ ఒప్పుకోడు. లోతే ముఖ్యం, మిగతాది కాల్చేవాడి బుద్ధి అంటాడు. అతని మాటలోనూ న్యాయం ఉంది.

125 డబ్బాలో ముప్పై చిల్లర మిగిలాయి. షాపువాడు తూటాలు వెనక్కి తీసుకోడట, కాగితం మీద కాల్చుకోమన్నాను. మా చెల్లెలు మాత్రం "అన్నా, వాడికి వద్దని చెప్తావనుకుంటే నువ్వే నేర్పిస్తుండావా" అని నెల రోజులు సరిగ్గా మాట్లాడలేదు.

ఆరు వారాల తర్వాత ఒక ఉదయం ఫోటో వచ్చింది. అరవై గజాల దగ్గర ఒక్కటే దెబ్బ, పది అడుగులు కూడా పోకుండా పడిందట. గుండు అవతలి వైపు చర్మం కింద దొరికింది. మళ్ళీ అదే బుల్లి త్రాసు, దాని మీద రాగి రేకులు పువ్వులా విచ్చుకున్న గుండు, అంకె 9.4. మా ఆవిడ నా భుజం మీదుగా ఫోన్లోకి తొంగి చూసి, "కమ్మలు ఒకటే చేయించాడేంది, రెండోది యాడ?" అంది.